ఎక్కిళ్ళు: ఉపాయము ముందు, కారణము తరువాత

ఎక్కిళ్ళు వచ్చినవారిని చూచి ‘ఎవరో తలచుకొనుచున్నారు’ అనుట మన యిండ్లలో పరిపాటి. మంచినీళ్ళు త్రాగుమనుటయు, ఊపిరి బిగబట్టుమనుటయు అంతే పరిపాటి. ఈ ఉపాయములు ఎంత పాతవి? వానికి శాస్త్రాధారము కలదా?

క్రీ. పూ. 4వ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త ప్లేటో ‘సింపోజియం’ అను గ్రంథమును రచించెను. అందొక విందులో, ప్రసంగింపవలసిన వంతు వచ్చుసరికి నాటకకర్త అరిస్టోఫనీసును ఎక్కిళ్ళు పట్టుకొనును. ప్రక్కనున్న వైద్యుడు ఎరిక్సిమాకసు మూడు ఉపాయములు చెప్పును: మొదట ఊపిరి బిగబట్టుట, తగ్గనిచో నీరు పుక్కిలించుట, అప్పటికిని తగ్గనిచో ముక్కులో కదిలించి తుమ్ము తెప్పించుకొనుట. చివరకు తుమ్ముతో ఎక్కిళ్ళు ఆగినవి.

మన ఆయుర్వేదమున దీని పేరు ‘హిక్క’. చరకసంహిత చికిత్సాస్థానములో 17వ అధ్యాయము హిక్కను, శ్వాసరోగమును గూర్చినది. అందు హిక్కలు ఐదు విధములు. ఆత్రముగా తినుట, త్రాగుట వలన కలుగు ‘అన్నజ’ హిక్క తేలికయైనది, ‘మహాహిక్క’ ప్రాణాంతకము. చూచువారికి నవ్వు పుట్టించు ఎక్కిలి ఒక్కొక్కప్పుడు పెద్ద వ్యాధికి సూచన యని ఆ వైద్యులు గుర్తించిరి.

కారణము మాత్రము చాలకాలము తెలియలేదు. 1833లో ఎడింబరో వైద్యుడు షార్ట్, ఎక్కిళ్ళకు ఫ్రెనిక్ నాడి రెచ్చుటతో సంబంధము కలదని వ్రాసెను. ఈ నాడి మెడనుండి దిగి ఉదరవితానమును చేరును. ఉదరవితానమనగా రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె అమరిన కండరము. అది సంకోచించినపుడు ఊపిరితిత్తులలోనికి గాలి వచ్చును. ఎక్కిలిలో ఈ సంకోచము హఠాత్తుగా జరుగును. గాలి లోనికి దూకుచుండగానే కంఠబిలము మూసికొనును. అప్పుడు పుట్టునదే ‘హిక్’ అను ధ్వని.

1970లో ఆంగ్ల నాడీవైద్యుడు న్యూసమ్ డేవిస్ దీనిని ప్రయోగములతో పరిశీలించెను. సంకోచము మొదలైన సుమారు 35 మిల్లీసెకన్లకే కంఠబిలము మూసికొనుననియు, రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరిగినచో ఎక్కిళ్ళు తరచుదనము తగ్గుననియు తేల్చెను. ఊపిరి బిగబట్టినపుడు రక్తములో పెరుగునది ఆ వాయువే! ఎరిక్సిమాకసు నోట ప్లేటో చెప్పించిన మొదటి ఉపాయమునకు 2300 ఏండ్లు దాటిన పిమ్మట ఇట్లు ఆధారము లభించినది.

చరకుని హెచ్చరికయు వ్యర్థము కాలేదు. అమెరికాకు చెందిన ఛార్లెస్ ఆస్బర్నుకు 1922లో మొదలైన ఎక్కిళ్ళు 1990 వరకు, 68 ఏండ్లు, ఆగలేదు. ఇట్టివి మిక్కిలి అరుదు. మామూలు ఎక్కిళ్ళు కొలది నిమిషములలో తగ్గిపోవును. కాని రెండు దినములు దాటినను తగ్గనిచో అది మెదడు, మూత్రపిండములు, జీర్ణాశయము మున్నగువాని వ్యాధికి గుర్తు కావచ్చును. అప్పుడు తలచుకొనువారెవరో వెదకుట మాని, వైద్యుని యొద్దకు పోవలెను.