కొలిమి మీద నీలిమంట

మిరుగు దగ్గరపడింది. ఖానాపూర్‌లో కమ్మరి పాకకు గోడల్లేవు, పైన రేకులు మాత్రమే. నా గొడ్డలి మొద్దుబారితే తెచ్చాను. మీరూ రండి, ఈ పాత టైరు మీద కూర్చోండి. కొంచెం ఎడంగా. నిప్పురవ్వలు మంచి చొక్కా, పాత చొక్కా అని చూడవు.

పిల్లవాడు చక్రం తిప్పుతున్నాడు. ఒకప్పుడు ఇక్కడ తోలుతిత్తి ఉండేది, ఇప్పుడు చేత్తో తిప్పే ఫ్యాను. కింది గొట్టంలోంచి గాలి బొగ్గుల్లోకి దూసుకుపోతుంటే కొలిమి బుసకొడుతోంది. గొట్టం మూతి దగ్గర తెల్లటి వేడి. ఆ పైన ఎర్రటి బొగ్గులు. వాటి మీద సన్నగా నీలిమంట. వెలుతురుకు చేయి అడ్డం పెట్టి చూడండి, కనబడుతుంది. బొగ్గు మీద వేలెడు ఎత్తున ఊగి, మాయమై, మళ్లీ పక్కన పుడుతోంది.

"గాలి తక్కువ కొట్టు బిడ్డా, ఇనుము మాడ్తది," అంటున్నాడు పెద్దాయన. పట్టకారుతో గొడ్డలిని జరుపుతున్నాడు. గాలి నేరుగా తగిలే చోటికి కాదు, దానికి జానెడు పైకి. ఆ చోటు ఆయనకు ఎవరూ కొలిచి చెప్పలేదు.

పిల్లలకు ఎంథాల్పీ లెక్కలు చెప్పేటప్పుడు నాకు ఈ కొలిమే గుర్తొస్తుంది. 12 గ్రాముల కార్బన్, అంటే ఒక మోల్, కార్బన్ డయాక్సైడ్‌గా పూర్తిగా కాలితే 393.5 కిలోజౌళ్ల వేడి బయటికొస్తుంది. కెలోరిమీటర్‌లో కాల్చి, చుట్టూ నీళ్లు ఎంత వేడెక్కాయో చూసి దీన్ని కొలుస్తారు. ఒక మోల్ కార్బన్ మోనాక్సైడ్‌ను కాలిస్తే 283. అదీ కొలవొచ్చు. మరి బొగ్గు సగం కాలి మోనాక్సైడ్ దగ్గరే ఆగితే ఎంత? ఇక్కడే చిక్కు. ఆక్సిజన్ ఎక్కువిస్తే అంతా డయాక్సైడే అయిపోతుంది, తగ్గిస్తే రెండూ కలగలిసి వస్తాయి. వచ్చిన వేడిలో ఏది ఎవరి వాటా అని ఎలా పంచుతారు?

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన జెర్మైన్ హెస్ 1840లో దీనికి దారి చూపించాడు. మొదలూ చివరా మారకపోతే, మధ్యలో ఏ దారిన పోయినా మొత్తం వేడి ఒక్కటే. పుస్తకాల్లో దీన్ని హెస్ స్థిరోష్ణ సంకలన నియమం అంటారు. ఆ పేరు చూసే పిల్లలు సగం జడుసుకుంటారు. తీసివేత వస్తే చాలు: 393.5లోంచి 283 పోతే 110.5.

నమ్మకం కుదరకపోతే కొలిమిలోకే చూడండి. గొట్టం మూతి దగ్గర బొగ్గు పూర్తిగా కాలి డయాక్సైడ్ అవుతోంది. అది ఎర్రబొగ్గుల సందుల్లోంచి పైకి పోతూ ఇంకో కార్బన్‌ను కలుపుకొని మోనాక్సైడ్‌గా మారుతోంది. మారినందుకు మోల్‌కు 172.5 కిలోజౌళ్లు మింగుతోంది. 393.5లో అది పోతే 221. కాలింది రెండు మోళ్ల కార్బన్ కాబట్టి సగం చేయండి. మళ్లీ 110.5 దగ్గరికే వచ్చాం.

అంతా మోనాక్సైడే అవుతుందనుకుంటే, కిలో కార్బన్‌కు బొగ్గుల్లో మిగిలేది 9.2 మెగాజౌళ్లు. మిగతా 23.6 ఆ మోనాక్సైడ్ కాలే నీలిమంటలోనే ఉంది. "కాకా, నీ బొగ్గుల వేడి సగానికి మించి రేకులకే పోతోంది," అన్నాను.

"పోనీ సారూ. గా మంట లేకుంటే ఇనుముకు పొట్టు కడ్తది."

గొడ్డలిని దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టాడు. నల్లటి పలుచని పొరలు రాలాయి. అదే ఆయన చెప్పిన పొట్టు, ఇనుము ఆక్సిజన్‌తో కలిసి కట్టిన పెచ్చు. నిజానికి అక్కడ కాపాడుతున్నది మంట కాదు, మంటగా మారకముందటి మోనాక్సైడ్ వాయువు. ఆక్సిజన్‌ను తనే లాక్కుంటుంది కాబట్టి ఇనుము దక్కుతుంది. దానికి వాసన లేదు, పీలిస్తే ప్రాణం తీస్తుంది. గోడల్లేని పాక ఊరికే కట్టుకోలేదు.

ఆ రేకులకు పోతున్న 283తోనే ఈ ప్రాంతం ఒకప్పుడు ఇనుము తీసింది. నిర్మల్ వైపు మామడ మండలంలో దిమ్మదుర్తి ఉంది. అక్కడి అయస్కాంత ఖనిజం గోదావరి అవతలి కోనసముద్రంలో ఉక్కుగా మారేదని హెన్రీ వాయ్సీ అనే ఆయన ఒక వ్యాసంలో రాశాడు. ఆయన 1824లో చనిపోతే, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. అక్కడ సరుకు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు కూడా అందులో ఉన్నాడు.

ఆ ఖనిజం పేరు మాగ్నటైట్. ఒక మోల్‌ను ఇనుముగా, ఆక్సిజన్‌గా విడగొట్టాలంటే 1118.4 కిలోజౌళ్లు కావాలి. నాలుగు మోళ్ల మోనాక్సైడ్ ఆ ఆక్సిజన్‌ను తీసుకొని డయాక్సైడ్ అయితే, నాలుగు 283లు, 1132 వస్తాయి. అప్పు తీరగా మిగిలేది 13.6. ఇంత పెద్ద బట్టీ తంతుకు ఇంతేనా అనిపిస్తుంది. ఇవి 25 డిగ్రీల దగ్గరి అంకెలు, బట్టీ వేడికి కొంత జరుగుతాయి. బొగ్గు, ఖనిజం అంత వేడెక్కడానికి అయ్యే ఖర్చు వేరే. దానికి 110.5 ఉంది.

పొద్దు గూకింది. ఇప్పుడు చేయి అడ్డం పెట్టనక్కర్లేదు, నీలం బాగా కనబడుతోంది. పెద్దాయన గొడ్డలి అంచును మాత్రం నీళ్లలో ముంచాడు. సుయ్‌మంది. పైకెత్తి, అంచు మీద రంగు మారేదాకా కళ్లు చికిలించి చూసి, మళ్లీ ముంచి నా చేతికిచ్చాడు.

"పదును చూడుండ్రి సారూ."

పిల్లవాడు చక్రం ఆపాడు. నీలిమంట బొగ్గుల్లోకి కుంగి, రెండు చోట్ల తచ్చాడి ఆరిపోయింది.