వెలిగే అంకె, ఆరిన గడి: వీడియో ఇన్‌స్టలేషన్ కళ – శామీర్‌పేట ప్రాంతపు భూమి లెక్క

దృశ్యకళలో సంఖ్య చాలాకాలం తెర వెనుకనే ఉండిపోయింది. 1969–70లో బొంబాయిలో అక్బర్ పదమ్‌సీ రూపొందించిన 'సిజిజీ' చిత్రం ఇందుకు ఉదాహరణ. కంప్యూటర్ ప్రమేయం లేకుండా, గణిత తర్కాన్ని అనుసరించి చేత గీసిన దాదాపు వెయ్యి రేఖాచిత్రాలకు అందులో చలనం కల్పించారు. అక్కడ గణన కారణం, రేఖ కార్యం. తరువాతి కాలంలో అంకెయే తెర మీదికి వచ్చింది. మెర్స్ కన్నింగ్‌హామ్ నృత్యాలను ఏళ్ల తరబడి చిత్రించిన అమెరికన్ కళాకారుడు చార్లెస్ అట్లస్, 2012 నాటి 'ది ఇల్యూజన్ ఆఫ్ డెమోక్రసీ' ప్రదర్శనలో గోడల నిండా అంకెలనే కదిలించాడు. నర్తకుల దేహాలను చూపిన చేయి దేహాన్ని పూర్తిగా తొలగించడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

జపాన్ కళాకారుడు తత్సువో మియజిమా కృషి మరింత లోతైనది. ఆయనది కచ్చితార్థంలో వీడియో కాదు, ఎల్‌ఈడీ దీపాల అమరిక. అయినా ఈ చర్చకు ఆయనే కీలకం. ఆయన దీపాలు 1 నుంచి 9 వరకు లెక్కిస్తాయి. సున్న రాదు, దాని వంతులో దీపం ఆరుతుంది. మన భూతసంఖ్యా సంప్రదాయం సున్నకు గగనమని, అంబరమని పేర్లు పెట్టింది. మియజిమా దానికి చీకటిని కేటాయించాడు. నవోషిమా ద్వీపంలోని పాత ఇంట్లో, నీటి అడుగున అమర్చిన 'సీ ఆఫ్ టైమ్ 98'లో 125 దీపాల వేగాన్ని నిర్ణయించినవారు ఆ ఊరి ప్రజలే. ఎవరి అంకె ఎంత వేగంగా నడవాలో వారే చెప్పారు.

ఈ అంశం మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతానికి నేరుగా వర్తిస్తుంది. వ్యవసాయ భూముల రికార్డులను, రిజిస్ట్రేషన్లను ఒకే తెర మీదికి తెచ్చిన ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న ప్రారంభమైనది శామీర్‌పేట సమీపంలోని మూడుచింతలపల్లిలోనే. చెరువు కింది మడి, రాళ్ల చెలక – అన్నీ సర్వే నంబరుగా, ఎకరాలు గుంటలుగా మారాయి. పాత పహాణీలో పట్టాదారు గడితో పాటు అనుభవదారు గడి ఉండేది. ధరణి రికార్డులో అది లేకుండా పోయింది. కౌలుకు దున్నేవాడు తెర మీద సున్న కూడా కాలేదు. వానిది ఆరిన దీపం. మియజిమా చీకటి క్షణకాలం, మళ్లీ ఒకటి వెలుగుతుంది. ఇక్కడ ఆ హామీ లేదు. అంకె నడకను నిర్ణయించే అవకాశమూ ఊరివారికి దక్కలేదు.

పోలిక పూర్తి కాదని తెలుసు: కళాకృతి ఎవరి భూమినీ మార్చదు. అయితే తెర ఏ గడిని చూపుతున్నది, దేనిని విడిచిపెడుతున్నది అన్న ప్రశ్న రెండింటికీ ఒక్కటే. ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. అనుభవదారు గడి ఉన్న పాత కాగితపు పహాణీలను ఈ తెరల పక్కన పెట్టి చదివే పని తెలుగు కళాచరిత్ర పరిశోధనలో ఇంకా మిగిలే ఉంది.