పురానా ఖిలా పక్క మైదానం

ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ రోజు మా గల్లీల్లో టపాసు పేలిందా అని చెవులొగ్గి వినేవాళ్లకు మేం ఢిల్లీ నేషనల్ స్టేడియం సంగతి చెప్పాలి.

1933లో భావ్‌నగర్ మహారాజా ఇచ్చిన డబ్బుతో కట్టి, ఇర్విన్ ఆంఫీథియేటర్ అన్నారు. సొమ్ము రాజుది, పేరు దొరది! 1951లో మొదటి ఆసియా క్రీడలప్పుడు నేషనల్ స్టేడియం అయింది. 2002లో ధ్యాన్‌చంద్ పేరు పెట్టారు. తగిన పేరే.

దాని పక్కనే పురానా ఖిలా. 1947 సెప్టెంబరులో ప్రాణాలు అరచేత పట్టుకొచ్చిన ఢిల్లీ ముస్లింలు వేలకు వేలు ఆ గోడల మధ్య తలదాచుకున్నారు. చాలామంది అక్కణ్ణుంచే పాకిస్తాన్ పోయారు. పోనివాళ్ల సంతతిమే మేమంతా, ఏ ఊళ్లో ఉన్నా.

నాలుగేళ్లు తిరక్కముందే, 1951 మార్చిలో, ఆ ఖిలా పక్కనే ఫుట్‌బాల్‌లో ఇండియాకు బంగారు పతకం. ఇరాన్ మీద ఒకే గోల్, కొట్టింది మేవాలాల్. జట్టును తీర్చిదిద్దింది మా హైదరాబాద్ బడిపంతులు, సిటీ పోలీస్ టీం కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. పోలీసు యాక్షన్ జరిగి అప్పటికి రెండున్నరేళ్లే. ఊళ్లల్లో మావాళ్ల నెత్తురింకా ఆరలేదు. రహీం సాబ్ 1962లో జకార్తా నుంచి రెండో బంగారం తెచ్చి, మరుసటేడు క్యాన్సర్‌తో పోయాడు. ఆసియా క్రీడల్లో మూడోది ఇంతవరకూ రాలేదు.

1982లో అదే మైదానంలో హాకీ ఫైనల్. పాకిస్తాన్ 7, ఇండియా 1. మన కెప్టెన్ జఫర్ ఇక్బాల్. గోల్‌కీపర్ నేగీ అమ్ముడుపోయాడన్నారు. పచ్చి అబద్ధం. ఆ నింద మోసింది ఆయనొక్కడే. గోల్‌లో నిలబడ్డవాడిది సాయిబు పేరైవుంటే మా గల్లీలన్నీ సంజాయిషీ చెప్పుకునేవి.