కమాను, షాకప్: రెండు మాటల్లో వాహన చరిత్ర

కోట ద్వారం మీది వంపునూ, లారీ బరువును మోసే ఉక్కు పట్టీల కట్టనూ గద్వాల ప్రాంతంలో ఒకే మాటతో పిలుస్తారు: కమాను. పారశీకంలో ‘కమాన్’ అంటే విల్లు. ఉర్దూ మీదుగా తెలంగాణలోకి వచ్చిన ఈ పదం హైదరాబాదు చార్ కమాన్‌లో తోరణమైంది, బండి కింద స్ప్రింగయింది. తోరణానికి విల్లుతో పోలిక ఆకారంలో మాత్రమే. వంగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గుణం మాత్రం బండి కమానుకే దక్కింది. ఇంగ్లీషువారు ఇందులో ఆకును చూశారు, మనవారు విల్లును చూశారు. మన చూపే వస్తు స్వభావానికి దగ్గర.

1804లో లండన్‌లో ఒబదయా ఎలియట్ గుర్రపు బండ్ల కమానుకు పేటెంటు పొందాడు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. ఆనాటి బస్సులకూ, తర్వాత అంబాసిడర్ కారు వెనుక ఇరుసుకూ కమాన్లే ఆధారం. పట్టీలు ఒకదానిపై ఒకటి ఒరుసుకోవడం వల్ల కమాను బరువును మోయడమే కాక ఊగిసలాటనూ కొంత అణచివేస్తుంది. రెండు పనులకూ ఒక మాట చాలింది.

చుట్ట స్ప్రింగులో ఆ ఒరిపిడి దాదాపు లేదు. అందుకే వేరే సాధనం అవసరమై, మెకానిక్కుల నోట ‘షాకప్’ అనే మాట స్థిరపడింది. ఈ పేరే చిక్కు తెచ్చిందని నా అభిప్రాయం. కుదుపును మొదట తీసుకునేది స్ప్రింగు. షాకప్ చేసేది, లోపలి నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టి, ఆ తర్వాతి ఊగిసలాటను వేడిగా మార్చడం. పేరును నమ్మినవారు కారుకు స్పోర్ట్స్ స్ప్రింగులు బిగించి, కుదుపును షాకప్ చూసుకుంటుందని పాతవే ఉంచుతారు. స్ప్రింగు బిగువు 44 శాతం పెరిగితే కారు సహజ ఊపు వేగం 20 శాతం పెరుగుతుంది. అదే షాకప్ అణచే సామర్థ్యపు నిష్పత్తి ఆరింట అయిదు వంతులకు పడిపోతుంది. కారు బిగుసుకున్నట్టు కనిపిస్తూనే ఎక్కువసార్లు ఊగుతుంది, మలుపులో చక్రం రోడ్డును వదలవచ్చు.

ఎర్రవల్లి చౌరస్తా దగ్గర జాతీయ రహదారి దిగి గద్వాల వైపు వచ్చేవారికి మరో లెక్క ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణంలో స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లుగా ఉండేది. ఊళ్ళలో వేసేవి ఈ కొలతను అరుదుగా పాటిస్తాయి. కారును 4 సెంటీమీటర్లు కిందికి దించే స్ప్రింగు కొనేముందు కొలవవలసింది ఆ గట్టునే. కొన్న తర్వాత, తగ్గిన ప్రయాణానికి సరిపడే పొట్టి షాకప్‌ను దానితోపాటే ఎంచుకోవాలి.