అవ్యవస్థా గణితము వైద్యశాలకు వచ్చిన త్రోవ

రేడియో గల ప్రతి యింటను వాతావరణ సూచన వినుట పరిపాటి. రేపటి వానను గూర్చి చెప్పిన మాట చాలవరకు నిజమగును. వచ్చే నెల ఫలానా తేదీన ఫలానా యూరిలో చినుకు పడునా యని యడిగినచో మాత్రము ఏ వాతావరణ కేంద్రమును రూఢిగా చెప్పజాలదు. ఇది యంత్రముల లోపమా, పండితుల లోపమా, లేక ప్రకృతి స్వభావమా? ఈ ప్రశ్న వెంట నడచిన గణితమే కొన్ని దశాబ్దముల పిమ్మట పక్షవాతముతో మంచము పట్టిన మనిషి చేయి తిరిగి అన్నపు ముద్ద నెత్తుట యెట్లు అను ప్రశ్న దగ్గరకు వచ్చి చేరినది. ఆ ప్రయాణ చరిత్రను సంగ్రహముగా మా పాఠకులకు విన్నవింప దలచితిమి.

స్వీడను, నార్వే దేశముల రాజు రెండవ ఆస్కారు అరువదవ జన్మదినము 1889 జనవరిలో వచ్చినది. ఆ సందర్భమున జరిపిన గణిత పోటీలో ఫ్రెంచి పండితుడు ఆన్రీ పొయింకారే బహుమతి గెలిచెను. ఒకదాని నొకటి ఆకర్షించుకొను మూడు గోళములు ఎట్లు సంచరించునన్నదే సమస్య. వ్యాసము అచ్చయిన పిదప అందులో ఒక దోషము బయటపడెను. ప్రతులు వెనుకకు రప్పింపబడినవి. తిరిగి అచ్చువేయుటకైన వ్యయమును పొయింకారే తానే భరించెను. అది బహుమతి సొమ్మగు 2500 క్రోనులను మించినది. కాని ఆ దోషమును సవరించుటలోనే ఆయనకు ఒక వింత సత్యము కానవచ్చినది. నియమములు పూర్తిగా తెలిసియున్నను, ఆరంభ స్థితిలోని అత్యల్ప భేదము కాలక్రమమున మహాభేదముగా పెరుగవచ్చును. 1890లో సవరించిన వ్యాసము వెలువడినది గాని, దాని లోతును చాలకాలము ఎక్కువమంది గ్రహింపలేదు.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఎడ్వర్డ్ లోరెంజ్ 1961లో పండ్రెండు సమీకరణములతో ఒక బొమ్మ వాతావరణమును కంప్యూటరుపై నడుపుచుండెను. ఒకనాడు పాత లెక్కను నడుమనుండి మరల నడుపదలచి, కాగితముపై అచ్చయిన అంకెలను యంత్రమున కిచ్చెను. యంత్రము లోపల 0.506127 అని యున్నది, కాగితముపై 0.506 అని మాత్రమే యున్నది. కాఫీ త్రాగి తిరిగి వచ్చి చూచుసరికి, మొదట ఒక్కటిగా నడచిన రెండు లెక్కలు క్రమముగా విడిపోయి, తుదకు ఒకదానితో ఒకటికి పోలికయే లేకపోయెను. యంత్రము చెడలేదు, నియమములు మారలేదు. వేయింట ఒకవంతు కంటె తక్కువ భేదమే ఆ పని చేసినది. 1963లో ఆయన దీనిని శాస్త్రపత్రికలో ప్రకటించెను. 1972 నాటి ఉపన్యాసమునకు, బ్రెజిలులో సీతాకోకచిలుక రెక్క లాడించినచో టెక్సాసులో సుడిగాలి లేచునా యన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టిరి.

1975లో లీ, యార్క్ అను గణితజ్ఞులు తమ వ్యాసమున ఈ ప్రవర్తనకు 'కేయాస్' అను పేరు పెట్టిరి. మనము అవ్యవస్థ యనుకొనవచ్చును. అయితే ఈ మాట కొంత మోసపుచ్చును. ఇది నియమము లేని గందరగోళము కాదు. నియమమునకు కట్టుబడియే యుండి, దూరపు ఫలితమును ముందుగా చెప్పనీయని నడక. ఈ భేదమును గుర్తుంచుకొనినచో తక్కిన కథ సులభముగా బోధపడును.

ఇక రెండవ పాయ. న్యూయార్కు రాష్ట్రమందలి క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను చిన్న పట్టణమున 1917 మార్చిలో కొందరు సమావేశమైరి. వారిని పిలిచిన జార్జి ఎడ్వర్డ్ బార్టన్ వృత్తిచేత గృహశిల్పి. క్షయతో బాధపడి, పిదప ఎడమ ప్రక్క పక్షవాతమునకు లోనై, వడ్రంగము, తోటపని చేయుచు తన శరీరమును తాను తిరిగి కూడగట్టుకొన్నవాడు. ఆనాడు స్థాపితమైన సంఘమే అమెరికాలో వృత్తి చికిత్సకు, అనగా ఆక్యుపేషనల్ థెరపీకి, పునాది. ఇందు వృత్తి యనగా జీవనోపాధి మాత్రమే కాదు. స్నానము చేయుట, చీర కట్టుట, గుండీ పెట్టుకొనుట, బిడ్డకు జడ వేయుట, ఆటాడుట, ఇట్లు మనిషి దినమును నింపు పను లన్నియు వృత్తులే. 1922లో అచ్చయిన వ్యాసమున మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్ పని, ఆట, విశ్రాంతి, నిద్ర యను నాలుగింటి లయలోనే ఆరోగ్యము కలదని వాదించెను. మన దేశమున ఈ విద్యకు 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో శిక్షణాలయము నెలకొల్పినవారు కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి భారతదేశపు కోడలైన ఆమె 1952లో ఏర్పడిన అఖిల భారత సంఘమునకు తొలి అధ్యక్షురాలు.

ఈ రెండు పాయలు కలియుటకు మార్గము శరీరశాస్త్రము వేసినది. 1977లో మాంట్రియలు నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు పండితులు మైకేల్ మాకీ, లియాన్ గ్లాస్ ఒక క్రొత్త యూహను ప్రతిపాదించిరి. కొన్ని వ్యాధులు ఏదో ఒక అవయవము చెడుటవలన గాక, శరీరపు అదుపు యంత్రాంగము నడక మారుటవలన కలుగునని వారి యభిప్రాయము. ఊపిరి క్రమముగా ఎగసి, తగ్గి, ఆగి, మరల ఎగయు ఒక శ్వాసరోగమును వారు ఉదాహరణగా చూపిరి. హార్వర్డు వైద్యుడు ఏరీ గోల్డ్‌బర్గర్ తన సహచరులతో 1990లో వ్రాసిన వ్యాసము మరింత ఆశ్చర్యమును కలిగించెను. ఆరోగ్యవంతుని గుండె గడియారమువలె సమముగా కొట్టుకొనదు; స్పందనల నడుమ కాలము నిత్యము మారుచుండును. ఆ మార్పు తరిగి నడక మరీ క్రమబద్ధ మగుట కొన్ని హృద్రోగములలో కానవచ్చునని వారు చెప్పిరి. 1992లో కాలిఫోర్నియా పరిశోధకులు మందుచేత లయ తప్పించిన కుందేలు గుండె కండమునకు, తగిన క్షణము చూచి చిన్న చిన్న విద్యుత్ స్పందనల నిచ్చి, దానిని దారికి తెచ్చిరి.

శిశువుల నడకపై ఎస్తర్ థెలెన్ చేసిన పరిశోధన చికిత్సకులకు మరింత దగ్గరిది. అప్పుడే పుట్టిన బిడ్డను నిలువుగా పట్టుకొనినచో అడుగులు వేయునట్లు కాళ్లు కదల్చును. రెండు నెలలకు ఆ కదలిక మాయమగును. మెదడు ఎదిగి దానిని అణచివేయునని పూర్వపు వివరణ. బిడ్డ కాళ్లు కొవ్వు పట్టి బరువెక్కుటయే కారణమని థెలెన్ అనుమానించి, బిడ్డలను నడుము లోతు గోరువెచ్చని నీటిలో నిలిపి చూచెను. అడుగులు తిరిగి వచ్చెను! ఆ ఫలితములు 1984లో వెలువడినవి. శక్తి నశించలేదు, పరిస్థితి మారినది, అంతే. మెదడు, కండ, బరువు, చుట్టుపట్ల నున్న వస్తువులు అన్నియు కలిసియే కదలికను పుట్టించునని దీని తాత్పర్యము. స్నానపు గదిలో ఒక పట్టుకమ్మి, చెంచాకు లావుపాటి పిడి, పీట యెత్తులో కొద్ది మార్పు, వీనివలన కాని పని ఒక్కొక్కప్పుడు అగుటకు కారణము ఇందులో చిక్కినది.

2001లో బ్రిటిషు వైద్యపత్రిక ఆరోగ్య వ్యవస్థలను సంకీర్ణ వ్యవస్థలుగా చూడవలెనని వ్యాసములు ప్రకటించెను. 2003లో షార్లట్ రాయీన్ అమెరికా వృత్తి చికిత్సకుల గౌరవోపన్యాసమునకు అవ్యవస్థనే విషయముగా గైకొనెను. ఇంత మందునకు ఇంత గుణము, ఇన్ని వారములకు ఇంత మెరుగు అను సరళరేఖ లెక్క మనిషి జీవితమునకు చాలదని ఆమె వాదము.

అయితే ఇక్కడ మేము ఒక హెచ్చరిక చేయవలసియున్నది. గుండె స్పందనలను కొలవవచ్చును; మనిషి దినచర్యను అట్లు సమీకరణములలో ఇముడ్చుట ఎవరికిని సాధ్యము కాలేదు. గుండె నడక సైతము గణితార్థమున అవ్యవస్థయేనా యని 2009లో ఒక శాస్త్రపత్రిక బహిరంగ చర్చయే జరిపినది. కావున చికిత్సకుల చేతిలో ఈ సిద్ధాంతము చాలవరకు ఉపమానమే గాని కొలబద్ద కాదు. సీతాకోకచిలుక కథను చూపి, ఏ చిన్న యుపాయమైనను అద్భుతము చేయునని రోగికి ఆశ పెట్టుట అన్యాయము. చిన్న కారణము పెద్ద ఫలితము నీయవచ్చును. కాని ఏ ఫలితము నిచ్చునో మనము ఎంచుకొనలేము.

ఉపమానమైనను దానివలన మేలు లేకపోలేదు. మూడు వారములుగా మార్పు లేదని చికిత్స మానిపించువారు, ప్రక్కింటివాడు రెండు నెలలలో నడచెనే యని రోగిని నిందించువారు, ఇరువురును సరళరేఖనే నమ్ముకొన్నవారు. కోలుకొనుట కొందరికి వాలుగా సాగదు. చాలకాలము నిలిచి, ఒక మెట్టు ఎక్కి, మరల నిలుచును. ఇద్దరు రోగుల దారి ఒక్కటిగా నుండదు.

వాతావరణ శాస్త్రజ్ఞులు తమ అశక్తతను తెలిసికొని చేతులు ముడుచుకొనలేదు. 1992 నుండి పెద్ద కేంద్రములు ఒక్క లెక్కకు బదులు కొద్దికొద్ది భేదముగల అనేక ఆరంభములతో లెక్కలు కట్టి, సాధ్యమగు దారులను చూచుచున్నవి. ప్రతిదినమును క్రొత్త కొలతలతో సూచనను సవరించుచున్నవి. మంచి చికిత్సకుడు చేయునదియు, ఇంటిలో రోగిని కనిపెట్టుకొని యుండు తల్లియో భార్యయో చేయదగినదియు అదియే. ఆరు నెలల తరువాతి మాటకు హామీ యీయక, నేడు చేయి ఎంతవరకు లేచినదో చూచి, రేపటి పనిని దానికి తగినట్లు అమర్చవలెను.