కాళ్లు తీసిన పప్పు

దయాల్‌బంద్‌లో మా పెద్దమ్మ వాళ్లింట్లో చలికాలం వచ్చిందంటే వారానికి రెండుసార్లయినా తివరా భాజీ ఉండేది. పొద్దున్నే పల్లెల నుంచి ఆడవాళ్లు తడిగుడ్డలో మూటకట్టి తెచ్చేవారు. గడ్డిపోచల్లాంటి సన్నటి ఆకులు, చివర మెలితిరిగిన తీగలు, అక్కడక్కడా నీలిపువ్వు. పెద్దమ్మ చిగుళ్లు గిల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు వేసి, టమాటా, శనగపప్పు కలిపి దగ్గరకు ఉడికించేది. శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిపోయిన ఎన్నో తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. గోంగూర దొరకని రోజుల్లో మా ఇళ్లలో ఆ లోటు తీర్చింది ఈ ఆకే.

కూర వడ్డిస్తూ పెద్దమ్మ ఒక మాట తప్పకుండా అనేది. "ఆకు తినరా, ఎంతైనా తిను. పప్పు మాత్రం ముట్టుకోకు, కాళ్లు పడిపోతాయి."

ఏటా సెప్టెంబరు మొదటి వారం జాతీయ పోషకాహార వారం. దాని సందర్భంగా బిలాస్‌పూర్ పల్లెల తిండి గురించి రాయమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది పెద్దమ్మ మాటే. తివరా అంటే మనం కేసరి పప్పు అనేదే. కందిపప్పులో, శనగపిండిలో కల్తీ చేస్తారని మన పత్రికల్లో అప్పుడప్పుడూ కనబడే పేరు. దానికి కాళ్లు తీసే గుణం ఎక్కడిది? అది తెలుసుకోవడానికి ఎంతకాలం పట్టింది? ఆ కథలో మన తెలుగువాళ్ల చెయ్యి కూడా ఉంది.

ఛత్తీస్‌గఢ్‌ను వరి గిన్నె అంటారు. బిలాస్‌పూర్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్ నుంచి కలచురి రాజులు శతాబ్దాల పాటు ఏలారు. గుళ్లు కట్టించారు, చెరువులు తవ్వించారు, దానశాసనాలు వేయించారు. వాళ్ల కాలంలో కూలివాడి కంచంలో ఏముందో చెప్పే శాసనం మాత్రం నా కంటపడలేదు. ఆయుర్వేదం ఒక్కటే కాస్త పలికింది. సుశ్రుతంలో కలాయఖంజం అని ఒక కుంటి జబ్బు పేరుంది. పదహారో శతాబ్దపు భావమిశ్రుడు త్రిపుట అనే పప్పు మనిషిని కుంటివాణ్ని చేస్తుందని రాశాడు. మూడు మొనలు తేలిన ఆ గింజను అరచేతిలో పెట్టుకుని చూస్తే చిన్న గొడ్డలిలా ఉంటుంది. త్రిపుట అన్న పేరు అతికినట్టు సరిపోతుంది.

ప్రపంచం కూడా దీన్ని ఎరుగును. జర్మనీలోని వుర్టెంబర్గ్ పాలకుడు 1671లోనే ఈ గింజ పిండి వాడకూడదని శాసించాడు. మాడ్రిడ్ నగరం 1811, 1812 సంవత్సరాల్లో కరువుతో అల్లాడినప్పుడు ఈ పిండి జావే జనం ప్రాణాలు నిలిపింది. ఆ జావ చుట్టూ మూగిన బక్కప్రాణులను చిత్రకారుడు గోయా ఒక చెక్కుడు చిత్రంలో చూపించాడు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. థగ్గులను అణచిన స్లీమన్ పేరు చాలామంది వినే ఉంటారు. జబల్‌పూర్ దగ్గర రాక్షసిబల్లుల ఎముకలను మొదట గుర్తించింది కూడా ఆయనే. ఊరూరా తిరుగుతూ కనబడ్డవాళ్లందరినీ ప్రశ్నలడిగే అలవాటున్న బ్రిటిష్ అధికారి. 1844లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో సాగర్ ప్రాంతపు ఒక ఊరి సంగతి రాశాడు. అక్కడ 1829లో వడగళ్లు పడి గోధుమ చేలు తుడిచిపెట్టుకుపోయాయి. 1830లో వానలు ముఖం చాటేశాయి. 1831లో తెగులు సోకింది. వరసగా మూడేళ్లు తలెత్తుకుని నిలబడ్డ పైరు ఒక్క తివరాయే. మాడిపోయిన గోధుమ చేలలోనే అది ఏపుగా పండింది. జనం ఆ గింజ తిని, ఆకూ కాడా పశువులకు వేసి ప్రాణం నిలబెట్టుకున్నారు. తిండి దొరికిందనే అనుకున్నారు.

1833లో అసలు సంగతి బయటపడింది. ముప్పై ఏళ్ల లోపు వాళ్లకు నడుం కింద పట్టు తప్పసాగింది. అంతా హఠాత్తుగానే. రెండేళ్లలో ఆ ఊరి పడుచువాళ్లలో సగం మంది, ఆడామగా తేడా లేకుండా, ఈ జబ్బున పడ్డారని స్లీమన్ రాశాడు. ఆయన వైద్యుడు కాడు. అయినా ఏ ఏడు ఏ పంట పోయింది, ఏ పంట నిలిచింది, ఎవరు ఏం తిన్నారు, ఎన్నేళ్లకు ఏమైంది అని వరసగా అడిగి రాసుకున్నాడు. పల్లెల్లో తిండి జబ్బుల పరిశోధన ఈనాటికీ సాగేది ఆ ప్రశ్నలతోనే. ఆ తరం తర్వాత ఇర్వింగ్ అనే వైద్యుడు అలహాబాద్ ప్రాంతంలో లెక్క తీస్తే ఇలాంటి కుంటివాళ్లు రెండు వేలకు పైగా తేలారు.

ఈ జబ్బు తీరు చూస్తే గుండె తరుక్కుపోతుంది. మనిషి రాత్రి బాగానే పడుకుంటాడు. లేదా చలిలో, తడిలో రోజంతా ఒళ్లు విరుచుకుని పనిచేసి వస్తాడు. మర్నాడు లేచేసరికి పిక్కలు బిగుసుకుపోయి ఉంటాయి. నొప్పి పెద్దగా ఉండదు, స్పర్శ పోదు, తెలివికి ఏ లోటూ రాదు. కాళ్లు ఒక్కటే మాట వినవు. మడమ నేలకు ఆనదు, మునివేళ్ల మీద, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ నడవాలి. వైద్యులు రోగులను నాలుగు మెట్లుగా విడదీశారు: కర్ర అక్కర్లేనివాడు, ఒంటికర్రవాడు, రెండు కర్రలవాడు, పాకేవాడు. పోయిన నడక మళ్లీ రాదు. ఎక్కువగా దెబ్బతినేది కష్టం చేసే వయసు మగవాళ్లే. అంటే ఇల్లు నడిపేవాడే కూలబడతాడు.

అంత ప్రమాదమని తెలిసీ రైతు దాన్ని ఎందుకు విత్తాడంటే, అంత నమ్మకమైన పైరు ఇంకోటి లేదు కాబట్టి. వరి కోతకు రెండు మూడు వారాల ముందు, మడిలో తడి ఆరకముందే, నిలబడి ఉన్న వరి మధ్యనే తివరా గింజలు చల్లేస్తారు. ఛత్తీస్‌గఢ్‌లో దీన్ని ఉతేరా అంటారు. మన డెల్టాలో వరి మాగాణుల్లో మినుములు, పెసలు చల్లినట్టే. దుక్కి లేదు, ఎరువు లేదు, నీరు పెట్టే పని లేదు. వరి కోసేసరికి కింద తివరా మొలిచి ఉంటుంది. వాన మొహం చాటేసి వరి ఎండినా అది బతుకుతుంది, నీరు నిలిచినా బతుకుతుంది. కరువు ఏడాది కూలివాడికి మిగిలేది అదే. రేవా వైపు కూలీ కూడా గింజల్లోనే కొలిచేవారు, ఆ కొలతలో కేసరి ఎక్కువగా ఉండేది. 1960ల మొదట్లో ద్వివేది, ప్రసాద్ అనే వైద్యులు రేవా జిల్లా పల్లెల్లో ఇంటింటి సర్వే చేసి ఈ కుంటివాళ్ల లెక్క వైద్య లోకం ముందు పెట్టారు.

గింజలో ఉన్న విషం ఏమిటన్నది 1964లో తేలింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ కలిసి కేసరి గింజ నుంచి ఒక ఎమైనో ఆమ్లాన్ని వేరు చేశారు. దాన్ని పొట్టిగా ఓడాప్ అంటారు. అదే కాలంలో ఢిల్లీలో శేషాద్రి బృందం కూడా దాన్ని పట్టుకుంది. ఆ శేషాద్రి అంతకుముందు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్రం చెప్పిన టి.ఆర్. శేషాద్రే. ఎస్.ఎల్.ఎన్. రావు తర్వాత హైదరాబాద్ వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జీవరసాయనశాస్త్రం బోధించారు. పరీక్షలకు ఆసరా ఇచ్చింది రోజు వయసు కోడిపిల్ల. పెద్ద కోడికి ఎక్కిస్తే ఏమీ కనబడదు. పుట్టిన మర్నాటి పిల్లకు ఎక్కిస్తే మెడ మెలితిరిగి పడిపోతుంది. మెదడులో నరాలు ఒకదానికొకటి కబురు పంపుకునే గ్లుటమేట్ అనే పదార్థానికి ఓడాప్ దగ్గరి పోలిక. ఆ పోలికతో నరకణాలను అదేపనిగా రెచ్చగొట్టి చివరికి చంపుతుంది.

అంతటి విషం నీళ్లలో కరిగిపోతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చూపిన ఉపాయం మన ఉప్పుడు బియ్యం పద్ధతిలాంటిదే. పప్పును వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఆరబెట్టుకుంటే విషంలో చాలాభాగం పోతుంది. ఈ సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధన నుంచి పెరిగి, 1958లో హైదరాబాద్ చేరింది.

ఉపాయం సులువైనదే, కానీ పేదింటికి చేరలేదు. వేడినీళ్లకు కట్టెలు కావాలి, పారబోయడానికి నీళ్లు కావాలి, ఆరబెట్టి మర్నాటి దాకా ఆగాలి. కరువు రోజున కూలి ముగించుకొచ్చిన తల్లికి ఈ మూడూ ఉండవు. ప్రభుత్వం 1961లో కేసరి పప్పు అమ్మకాన్ని నిషేధించే నిబంధన తెచ్చింది. కేసరి ఎక్కువగా పండించే బిహార్, మధ్యప్రదేశ్, బెంగాల్ దాన్ని అమలు చేయలేదు. నాకు అర్థమైనంతలో పెద్దమ్మ మాటలో సగమే నిజం. లేత ఆకులో కూడా ఓడాప్ ఉంటుంది. పలురకాల తిండితో పాటు వారానికి రెండుసార్లు ఆకు తిన్న మాకు ఏమీ కాలేదు. రెండు మూడు నెలలు వేరే గతిలేక అదే పప్పు మూడు పూటలా తిన్నవాడికే కాళ్లు పోయాయి. నన్నడిగితే అతని కాళ్లు తీసింది వేరే తిండి లేకపోవడం. నిషేధం ఆ లోటు తీర్చలేదు. రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఓడాప్ బాగా తక్కువగా ఉండే మహాతివరా లాంటి రకాలు తెచ్చి నిషేధం కంటే ఎక్కువ మేలు చేసింది.

ఇప్పుడు ఈ జబ్బు కొత్తగా రావడం చాలా అరుదు. రేషన్ బియ్యం అందులో పెద్ద పాత్ర వహించిందని నా నమ్మకం. మన దగ్గర 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినట్టే, ఛత్తీస్‌గఢ్ 2012లో సొంతంగా ఆహార భద్రత చట్టం తెచ్చుకుంది. ఇక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. కానీ తిండి చాలకపోవడం పోలేదు, వేరే జబ్బుల్లో కనబడుతోంది.

బిలాస్‌పూర్ నుంచి ఇరవై కిలోమీటర్ల దూరంలో గనియారి అనే ఊరుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు యువ వైద్యులు 1990ల చివర్లో అక్కడ జన్ స్వాస్థ్య సహయోగ్ అనే ఆసుపత్రి మొదలుపెట్టారు. అచానక్‌మార్ అడవి అంచు పల్లెల నుంచి రోగులు నడిచి, బస్సెక్కి వస్తారు. క్షయ రోగులను ఆ వైద్యులు మందు రాసే ముందు తూకం ఎక్కించారు. 2004 నుంచి 2009 దాకా వచ్చిన 1695 మంది పెద్దవాళ్ల లెక్క 2013లో అచ్చయింది. మగవాళ్ల మధ్యస్థ బరువు 42 కిలోలు, ఆడవాళ్లది 34 కిలోలు. సిమెంటు బస్తా 50 కిలోలుంటుంది. ఇల్లు కట్టే చోట కూలి ఎత్తే బస్తా ఆ కూలి కంటే బరువన్నమాట. ఎంత బక్కగా ఉంటే చావు అంత దగ్గర అని కూడా ఆ లెక్క చెప్పింది.

అక్కడ పనిచేసిన అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ తిండి పెడితే ఈ చావులు తగ్గుతాయా అన్న ప్రశ్నను ఝార్ఖండ్ తీసుకెళ్లారు. 2019 నుంచి 2022 వరకు 2800 మంది క్షయ రోగులకు నెలకు 10 కిలోల తిండి ఇచ్చారు. బియ్యం, సత్తుపిండి, పాలపొడి, నూనె. సగం మంది రోగుల ఇళ్లలోని మిగతావాళ్లకు కూడా తలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు చొప్పున అందించారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగిన రోగులకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో ఇది వచ్చినప్పుడు నేను రెండుసార్లు చదివాను. ఏ కొత్త మందూ లేదు. బియ్యం, పప్పు, పాలపొడి.

ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. తల్లులు కూలికి వెళ్లినప్పుడు మూడేళ్ల లోపు పిల్లలకు వేడిగా కిచిడీ, సత్తు పెట్టి చూసుకునే ఫుల్వారీలు గనియారి వాళ్లవే. రేషన్ బియ్యంతో కడుపు నిండుతోంది, పప్పు, గుడ్డు, నూనె మాత్రం ఇంకా అందడం లేదు. పట్నాల్లో లావు మనుషుల జబ్బనుకున్న చక్కెర వ్యాధి బక్కపలచటి పల్లె మనుషుల్లో కూడా కనబడుతోంది. చిన్ననాటి నుంచి తిండి చాలక క్లోమం సరిగా ఎదగనివాళ్లకు వచ్చే చక్కెర వ్యాధిని 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య టైప్ 5 అని వేరుగా గుర్తించింది. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలోకి ఎక్కి, 1999లో పోయిన జబ్బే మళ్లీ పేరు తెచ్చుకుంది. ఈ మనుషులకు ఎంత ఇన్సులిన్, ఏ తిండి అన్నది తేల్చాలంటే గనియారి లాంటి చోట మళ్లీ తూకం, మళ్లీ లెక్క కావాలి.

మళ్లీ క్షయ సంగతికి వస్తే, ప్రభుత్వం రోగికి తిండి కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి వెయ్యి చేసింది. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద ఎవరైనా సరే ఒక రోగికి ఆరు నెలల పాటు నెలనెలా తిండి బుట్ట ఇవ్వవచ్చు. మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పేరు రాయించుకోండి. బుట్టలో బియ్యం సరే, పప్పూ నూనె తప్పకుండా పెట్టండి. ఆ ఇంట్లో పిల్లలుంటే వాళ్ల వంతు కూడా కలపండి. రెండు నెలలయ్యాక ఒక్కసారి ఫోన్ చేసి, మనిషి ఎన్ని కిలోలు పెరిగాడో కనుక్కోండి.