గ్రేకవి విలాపకావ్యము: ఛందోవిచారము

ఛందమునకు రసము నియతమా యను విచారము లాక్షణికులయందుఁ బురాతనము. 11వ శతాబ్దమునఁ గాశ్మీరకుఁడగు క్షేమేంద్రుఁడు సువృత్తతిలకమున విషయానుగుణముగ వృత్తములను వినియోగించు విధమును నిరూపించెను. ఆంగ్లభాషయందు 1751వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీని లండనునఁ బ్రకటితమైన థామస్ గ్రేకవి గ్రామశ్మశానవిలాపము ఈ విచారమునకు మంచి నికషము.

ఇందు 128 పాదములు గలవు. నాలుగేసి పాదముల పద్యములు 32. కడపటి మూఁడును సమాధిలేఖనము. అచటను ఛందము మాఱలేదు. ఆంగ్లఛందస్సునకు మూలము గురులఘువులు గావు, ఉచ్చారణమునందలి యూనిక. ఇచటఁ బ్రతిపాదమునకుఁ బది యక్షరములు. సామాన్యముగ సరిస్థానములయందు ఊనిక పడును. ప్రాసము పాదాంతగతము. మొదటి పాదము మూఁడవదానితోను, రెండవది నాల్గవదానితోను గలియును. పోపుకవి మెఱుఁగుపెట్టిన రెండుపాదముల పద్యమున వెంటనే దొరకు ప్రాసము ఇచట నొకపాదము దాఁటినగాని దొరకదు. నడకయందలి మాంద్యమునకు ముఖ్యకారణ మిదియే.

ఈ చతుష్పాది శోకమునకై పుట్టినది కాదు. 1599లో సర్ జాన్ డేవీస్ ఆత్మతత్త్వవిచారమునకు దీనిని గైకొనెను. 1651లో డావెనెంట్ గాండిబర్ట్ అను వీరకావ్యమునందును, 1667లో డ్రైడెన్ డచ్చివారితోడి నౌకాయుద్ధమును లండను దహనమును వర్ణించిన కావ్యమునందును బ్రయోగించిరి. అందుచే దీనికి వీరపద్యమని పేరు. 1743లో వెలువడిన జేమ్స్ హామండుని ప్రణయవిలాపములయం దిది విలాపమార్గము పట్టెను. గ్రేకావ్యముతో విలాపపద్యమను వ్యవహారము స్థిరపడెను.

పద్యవిభాగమును గూర్చియు నొక విశేషము గలదు. అర్థము కొన్నియెడలఁ బద్యమును దాఁటి సాగును గావున నడుమ ఖాళీ విడువక ముద్రింపవలెనని కవి తన మిత్రుఁడగు హొరేస్ వాల్పోలు మూలమున ముద్రాపకుఁడగు డాడ్స్‌లీని గోరెను. సంస్కృతమునందలి యుగ్మక కులకములవలె, పద్యము ముగిసినను అన్వయము ముగియదు. తరువాతి ముద్రణములు పెక్కు పద్యములను విడఁదీసినవి. వానిని మాత్రమే చూచి 32 ముక్తకములుగ విమర్శించుట కవిహృదయమునకు విరుద్ధము.

ఇట్టి యుదాహరణము మనకును గలదు. కాళిదాసు రతివిలాపమును అజవిలాపమును వియోగినీవృత్తమున రచించెను. భారవి కిరాతార్జునీయ ద్వితీయసర్గమున ఆ వృత్తముననే భీమునిచే రాజనీతిని బలికించెను. కావున ఛందస్సు ఒసఁగునది గతి మాత్రమే. మందగతి విచారమునకును, వీరప్రశంసకును, శోకమునకును సమానముగఁ దగును. అందొక రసమును నిలుపునది మహాకవిప్రయోగము. క్షేమేంద్రుని నియమములును గవులను బంధించు నాజ్ఞలు గావు. పూర్వకవుల ప్రయోగసిద్ధిని జూచి చెప్పిన వచనములని గ్రహించుట యుక్తము.